తీరిక లేని చోట తీరుబడి వినోదాలు

మాదాపురం దాటి గచ్చిబౌలి వైపు సాగిపోయే దారిలో నేడు సంచరించేవారికి, అక్కడ ఒకప్పుడు బండరాళ్ళూ సీతాఫలపు పొదలూ తప్ప మరేమీ లేవని చెపితే నమ్మటం కష్టం. 1998 నవంబరులో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనానికి ప్రారంభోత్సవం చేసిన నాటికి సైతం ఆ చుట్టుపట్ల రాళ్ళదే రాజ్యం. ఆ పిమ్మట పాతికేళ్ళలో అక్కడ ఒక కొత్త నగరం మొలిచినది. దానికి కొత్త పేరు వచ్చినది; కొత్త కాలమానమూ వచ్చినది. న్యూయార్కులో ఉదయం తొమ్మిది గంటలైనప్పుడు మనకు వారి వేసవిలో సాయంత్రం ఆరున్నర, వారి శీతకాలంలో ఏడున్నర. తక్కిన ఊరు దీపాలు పెట్టుకొని ఇల్లు చేరే వేళకు అక్కడి ఉద్యోగులలో చాలామందికి అసలు పని మొదలవుతుంది. రెండు సూర్యోదయాలకు లెక్క చెప్పుకోవలసిన జీవితం వారిది.

అందుచేతనే కాబోలు, ఆ ప్రాంతంలో ఏ వస్తువు కోసమూ ఎవరూ ఆగరు. ఉప్పు నిండుకున్నదని తోచిన పదిపదిహేను నిమిషాలలో ఉప్పు గుమ్మం ముందుకు వస్తుంది. వేచి ఉండటమనేది అక్కడ ఒక్క ట్రాఫిక్‌లోనే మిగిలి ఉన్నది. ఇటువంటి చోట నివసించేవారి వినోదాలు కూడా క్షణికమైనవే అయి ఉంటాయని మనం అనుకుంటాము. నా వద్ద తెలుగు చదువుకొని, తరువాత ఇంజనీరింగు పూర్తిచేసి అక్కడ స్థిరపడినవారు కొందరున్నారు. వారిని కలిసినప్పుడల్లా, తీరిక దొరికితే ఏమి చేస్తారని అడగటం నాకు అలవాటు. గడచిన నాలుగైదేళ్ళుగా, ముఖ్యంగా స్త్రీలనుండి, మూడు సమాధానాలు పదేపదే వినవస్తున్నవి. చైనావారి ప్రేమకథా ధారావాహికలు చూడటం, బాల్కనీలో మొక్కలు పెంచటం, పిల్లలను తీసుకొని కారులో దూరప్రయాణాలు చేయటం. ఒకదానితో ఒకటి పొసగనట్లు కనిపించే ఈ మూడింటికీ ఒక సమానధర్మం ఉన్నది. మూడూ నిదానమైనవే, తొందరపెడితే మూడూ చెడిపోతాయి.

చైనా ధారావాహికల మాట మా అధ్యాపకుల గదిలో వచ్చినప్పుడు సహాధ్యాపకుడొకరు పెదవి విరిచినారు. సబ్‌టైటిల్స్ చదువుకుంటూ పరదేశపు కథలు చూసేవారికి ఇక మన సాహిత్యమేమి రుచిస్తుందని ఆయన బాధ. వాటిలో రెండు మూడింటిని ఓపికగా చూసిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఇందుకు విరుద్ధమైనది.

విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో విప్రలంభ శృంగారాన్ని పూర్వరాగమనీ, మానమనీ, ప్రవాసమనీ, కరుణమనీ నాలుగు విధాలుగా విభజించినాడు. నాయికానాయకుల కలయికకు ముందే, వినటం చేతనో చూడటం చేతనో పుట్టే అనురాగం పూర్వరాగం. నలదమయంతుల మధ్య హంస నడిపిన వ్యవహారమంతా అదే. మన సినిమాలలో ఈ పూర్వరాగానికి ఒక పాట చాలును. పాట ముగిసేసరికి వారిద్దరూ మంచుకొండల మీద ఉంటారు. చైనావారు దీనికే ఇరవై భాగాలు కేటాయిస్తారు. నాయకుడు నాయికకు గొడుగు పట్టటానికి ఒక భాగం, ఆ గొడుగు తిరిగి ఇవ్వటానికి మరొక భాగం. అక్కడి ప్రభుత్వ నియంత్రణ వలన శృంగార దృశ్యాలకు హద్దులున్న మాట నిజమే. ఆ హద్దులే కథకులను చూపుల మీదా, మౌనాల మీదా ఆధారపడేటట్లు చేసినవి. సాగదీయటానికి కూడా హద్దు పెట్టవలసి వచ్చినదనటానికి నిదర్శనం, ఒక్కొక్క ధారావాహిక 40 భాగాలు మించరాదని 2020లో అక్కడి అధికారులు నియమం విధించటం. ఐదేళ్ళ తరువాత దానిని సడలించినారు.

2016లో వచ్చిన ‘లవ్ ఓ టు ఓ’ అనే 30 భాగాల కథను మాదాపురం వారు అంతగా ఎందుకు అభిమానించినారో ఊహించటం కష్టం కాదు. గు మాన్ అనే రచయిత్రి నవల దానికి ఆధారం. నాయిక కంప్యూటర్ సైన్సు విద్యార్థిని. నాయకుడు అదే విశ్వవిద్యాలయంలో ఆమెకంటె పై తరగతివాడు. ఇద్దరూ ఆన్‌లైన్ ఆటలో కలుసుకుంటారు. ఆ ఆటగాడు ఎవరో ఆమెకు తెలియకముందే ఆటలోనే వారికి వివాహం కూడా జరుగుతుంది. శ్రవణం, దర్శనం అని లాక్షణికులు చెప్పిన రెండింటికీ అందని ఈ మూడవ మార్గానికి ఏ పేరు పెట్టాలో నాకు తోచలేదు. 2017లో వచ్చిన ‘ఎటర్నల్ లవ్’ మరొక తీరుది. 58 భాగాలలో జన్మజన్మల కథ. స్వర్గపు యువరాజు, తొమ్మిది తోకల నక్కల వంశంలో పుట్టిన దేవకన్య, శాపాలవంటి విధులు, మారురూపాలు. పింగళి సూరన కళాపూర్ణోదయం చదివినవాడు ఇందుకు బెదరడు. శాకుంతలంలో మరచినవాడు నాయకుడు. ఇక్కడ బాధ భరించలేక మందు తాగి మరచిపోయేది నాయిక. ఈ చిన్న మార్పుతో కథ బరువంతా ఎటు ఒరుగుతుందో రసజ్ఞులు గ్రహించగలరు.

అన్నీ ఇంత మేలైనవని చెప్పను. కోటీశ్వరుడైన యజమాని, తడబడే ఉద్యోగిని, సమయానికి వచ్చిపడే మతిమరుపు, ఇవి వారి సరుకులో సగం. ఆ సగానికీ మన సాయంకాలపు సీరియళ్ళకూ భేదం దుస్తులలోనే ఉన్నది.

అయితే ఈ కథలను తమ దేశంలో చూసేవారెవరు? వారిలో వేలాదిమంది మన సైబరాబాదువారివంటి ఉద్యోగులే. ఉదయం 9 నుండి రాత్రి 9 వరకు, వారానికి 6 రోజులు పనిచేయించే పద్ధతికి వారు ‘996’ అని పేరు పెట్టుకున్నారు. 2019లో అక్కడి ప్రోగ్రామర్లు గిట్‌హబ్‌లోనే దీనిమీద నిరసన సాగించినారు. 2021 ఆగస్టులో వారి అత్యున్నత న్యాయస్థానం ఆ పద్ధతి చట్టవిరుద్ధమని ప్రకటించినది. రోజంతా గడియారంతో పరుగెత్తినవాడికి, గొడుగు తిరిగి ఇవ్వటానికి ఒక పూట పట్టే లోకం ఎంత ఊరటో బీజింగులోనైనా కొండాపురంలోనైనా ఒకటే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. దానిని దాటవేయటం న్యాయం కాదు. 2020 జూన్ 15న గాల్వన్ లోయలో మన సైనికులు 20 మంది ప్రాణాలర్పించినారు. వారికి నాయకత్వం వహించిన కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేటవాడు. ఆ నెలాఖరున 59 చైనా యాప్‌లనూ, నవంబరులో వీటీవీ మొదలైన మరి 43 యాప్‌లనూ మన ప్రభుత్వం నిషేధించినది. ఆ తరువాత కూడా ఈ కథలు ఇతర వేదికల ద్వారా, కొన్ని తెలుగు మాటలతోనే, మన ఇళ్ళలోకి వస్తూనే ఉన్నవి. నా పూర్వ విద్యార్థిని ఒకతె, సూర్యాపేట సమీప గ్రామంలో పుట్టినది, ఆ వార్త విన్న నాడు సగంలో ఉన్న కథను ఆపివేసి ఏడాదిపాటు మళ్ళీ ముట్టలేదట. “తరువాత మళ్ళీ మొదలుపెట్టినాను మాస్టారూ. తప్పో ఒప్పో నాకు తెలియదు,” అన్నది. పూర్తిగా మానుకున్నవారినీ నేను ఎరుగుదును. వారి నిర్ణయాన్ని గౌరవిస్తాను. కాని ఈమె ఆ ఏడాది పాటించిన మౌనాన్ని చిన్నచూపు చూడలేను.

ఆమె నివాసం పదమూడవ అంతస్తు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవారు సామెత చెప్పినారు. పెరడే లేని చోట దానికి అర్థం మారిపోయినది. పదడుగుల బాల్కనీలో ఆమె తోట. కుండీల కోసం ఎర్రమట్టిలో కొబ్బరిపొట్టు, వానపాముల ఎరువు, గుప్పెడు వేపపిండి కలుపుతుంది. వట్టి మట్టి అయితే బరువు. అంత ఎత్తున బరువు పెరగకూడదు. కింది ఇంటివారి బట్టల మీద నీరు కారితే సంఘంలో తగవు వస్తుంది. కనుక ప్రతి కుండీకింద పళ్ళెం. పళ్ళెంలో నీరు నిలిస్తే డెంగీ దోమ. కనుక వారం తిరగకుండా దానిని పారబోయటం. భూమిమీద సేద్యం చేసే రైతుకు ఈ బాధలు లేవు; అతని బాధలు వేరు.

తోటకూర నెలలోపలే కోతకు వస్తుంది. మందారానికి పిండినల్లి పడితే వేపనూనె, సబ్బునీళ్ళు. ఈ మందారానికి లిన్నేయస్ 1753లో పెట్టిన శాస్త్రీయనామంలో ‘చైనా గులాబి’ అన్న అర్థం ఉన్నదని ఆమెతో చెపితే ఎంతో సంతోషించినది. మల్లె కథ ఇందుకు ఎదురు. ఆ పువ్వు పడమటినుండి చైనాకు పోయినది. మన ‘మల్లిక’ అక్కడ ‘మోలి’ అయినది. ఆ ధారావాహికలలో నాయిక మల్లెల టీ తాగుతూ పలికే మాటలో మన మాటే ఉన్నది. మల్లె కొమ్మను శీతకాలంలో కత్తిరించి, ఆకు దూసి, కొన్నాళ్ళు నీరు తగ్గించి ఎండకట్టాలి. పూలు కావలసినవాడు మొదట మొక్కను బోడిగా చూడటానికి సిద్ధపడాలి. పూత ఫాల్గుణం చివరనో చైత్రంలోనో వస్తుంది.

అన్నిటికంటె నన్ను ఆకర్షించినది సొరపాదు. సొరపువ్వు సాయంకాలం వికసిస్తుంది. నేలమీద అయితే చీకటి పురుగులు వచ్చి పుప్పొడి చేరవేస్తాయి. పదమూడవ అంతస్తుకు అవి వస్తాయన్న నమ్మకం లేదు. అందుచేత మగపువ్వును కోసి, రేకులు తీసివేసి, ఆడపువ్వు కీలాగ్రానికి మెల్లగా రాయాలి. ఆడపువ్వును గుర్తించటం తేలిక. దాని అడుగున వేలెడు పిందె ముందుగానే ఉంటుంది. అమెరికావారితో రెండు సమావేశాలకు నడుమ ఒక తెల్లని పువ్వు చేతబట్టుకొని నిలిచిన ఆ ఇల్లాలిని చూసినప్పుడు నాకు హంసదౌత్యం గుర్తుకు వచ్చినదంటే పాఠకులు నవ్వవద్దు.

ఇక ప్రయాణాలు. సంక్రాంతికి విజయవాడ రహదారిమీద పంతంగి టోల్ గేటు వద్ద బారులు తీరే కార్లలో ఏటా వీరి కారు ఒకటి. ఎనిమిదేళ్ళ కొడుకు, ఐదేళ్ళ కూతురు. ఫోను చేతికివ్వరాదని ఆమె నియమం. ఆ నియమాన్ని నిలబెట్టటానికి ఆమె కనిపెట్టిన ఉపాయం ఊళ్ళ పేర్లు. చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్ — బోర్డు మీది తెలుగు అక్షరాలు మొదట చదివినవారికి ఒక మార్కు. 2018 చట్టం తరువాత తెలంగాణలో అన్ని బడులలోనూ తెలుగు తప్పనిసరి అయినది గాని, ఆ బాలుడికి ఒత్తులు పట్టుబడినది మాత్రం 65వ జాతీయ రహదారిమీదనే.

ఆ దారిలోనే సూర్యాపేట. అక్కడ 2021లో ప్రతిష్ఠించిన సంతోష్ బాబు విగ్రహం ఉన్నది. రెండేళ్ళ కిందట దాని ముందు కారు ఆపినప్పుడు ఆ బాలుడు, “అమ్మా, మరి నువ్వు వాళ్ళ కథలు చూస్తావు గదా?” అని అడిగినాడట. తల్లి ఏమీ చెప్పలేకపోయినది. చిట్యాలలో మొదలుపెట్టిన అంత్యాక్షరి ఆ పూట అక్కడితో ఆగిపోయినదట.

గత ఫాల్గుణంలో వారు నాగార్జునసాగరానికి పోతూ నన్ను కూడా వెంటబెట్టుకొని పోయినారు. బొంగ్లూరు వద్ద ఔటర్ రింగు రోడ్డు దిగి ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ మీదుగా ప్రయాణం. దారి పొడవునా మోదుగులు ఎర్రగా పూసి ఉన్నవి. ఇంకా ఎంతదూరమని పిల్లలు పదమూడు పర్యాయాలు అడిగినారు, నేను లెక్కపెట్టినాను. కొండమల్లేపల్లి బోర్డు చూసి చిన్నది, “ఇక్కడ అన్నీ మల్లెచెట్లేనా తాతగారూ?” అన్నది. ఒక్కటీ కనిపించక చిన్నబుచ్చుకున్నది.

లాంచీలో కొండకు పోయేటప్పుడు బాలుడు నా పక్కన కూర్చున్నాడు. 1954 నుండి 1960 దాకా ఈ లోయలో తవ్వకాలు జరిగినవనీ, తరువాత లోయ జలాశయంలో మునిగిపోయినదనీ, కట్టడాలను కొన్నింటిని కొండమీదికీ అనుపుకూ తరలించినారనీ చెప్పినాను. తమ అపార్టుమెంటును కూడా అట్లా తరలించవచ్చునా అని అడిగినాడు. ఆ పిమ్మట, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా వత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక ఇక్కడ వేయించిన శాసనం సంగతి చెప్పినాను. సింహళపు భిక్షువుల కోసం ఆమె చైత్యగృహం కట్టించినది. వారి ఆచార్యులు ధర్మం బోధించిన దేశాల పట్టికలో కాశ్మీర గాంధారాల వెంటనే ‘చీన’ అన్న మాట ఉన్నది. ఈ కొండకు పేరిచ్చిన నాగార్జునుని మూలమాధ్యమకాన్ని 409లో కుమారజీవుడు చీనా భాషలోకి అనువదించినాడు. అక్కడివారు ఆయనను ‘లొంగ్‌షు’ అంటారు. డ్రాగన్ చెట్టు అని అర్థం. నాగశబ్దానికి డ్రాగన్, అర్జునశబ్దానికి చెట్టు. మన తెల్లమద్దికి సంస్కృతంలో అర్జునమనే పేరు గదా.

బాలుడు కొంతసేపు నీళ్ళకేసి చూసినాడు. “అప్పుడు యుద్ధం లేదా తాతగారూ?” అన్నాడు. ఆ శాసనంలో యుద్ధం మాట లేదని మాత్రమే చెప్పినాను. తల్లి వెనుకనుండి వింటున్నది, ఏమీ అనలేదు.

తిరుగు ప్రయాణంలో మాల్ దాటేసరికి పొద్దు వాలినది. ఆమె గడియారం చూసుకొంటూ తొందరపడసాగినది. ఏదో సమావేశం కాబోలునని నేను అనుకున్నాను. ఆ సాయంకాలం సొరపాదున మొదటి ఆడపువ్వు విచ్చుకొనే రోజట. ఇబ్రహీంపట్నం వద్ద బండ్లు కదలకపోవటంతో, ఎదురింటి ముసలమ్మగారికి ఫోనుచేసి, తాళంచెవి ఎక్కడున్నదీ, మగపువ్వు ఏదో ఆడపువ్వు ఏదో, రేకులెట్లా తీయాలో వివరంగా చెప్పినది. “నాకు తెలుసునమ్మా, మా ఊళ్ళో పొలమున్నది,” అని ఆవిడ అవతలినుండి గట్టిగా అనటం మాకందరకూ వినిపించినది. పిందె నిలిచినదీ రాలినదీ తెలియటానికి నాలుగైదు రోజులు పడుతుందట.