శిక్షణ విమానముల ప్రమాదములు – వాని కారణములు

ఖమ్మము మొదలు భద్రాచలము వఱకు గల మన యడవిసీమలో విమానాశ్రయము లేదు. అయినను ఆకాశమున విమానపు మ్రోత వినబడినచో పిల్లలు బయటికి పరుగెత్తి తలలెత్తి చూతురు. మా విద్యార్థులలో విమానచోదకులు కాగోరువారును కొందఱు కలరు. అట్టి బాలుని తండ్రి యొకరు మా యొద్దకు వచ్చి, "అయ్యా, శిక్షణకు వాడు చిన్న విమానములే తఱచుగ కూలునట గదా! మా వానిని పంపవచ్చునా?" అని యడిగిరి. భయపడవలదని చెప్పి పంపుట సులభమే. గాని బిడ్డను పంపబోవు తండ్రికి అంతకంటె సరియైన సమాధానము కావలెను. దానిని ఈ వ్యాసమున వ్రాయ యత్నించితిమి.

మొదట మన తెలంగాణమునందు జరిగిన సంఘటనలను చూతము. హైదరాబాదునకు సమీపముననున్న దుండిగల్లులో వైమానికదళమువారి అకాడెమీ కలదు. అందు తొలి పాఠములకు హెచ్.పి.టి.-32 'దీపక్' అను విమానమును చాలకాలము వాడిరి. 2009 జూలై 31వ తేదీన అట్టి దొకటి మెదకు జిల్లాలో కూలగా, అందున్న యిద్దఱు శిక్షకులును మరణించిరి. ఈ రకపు విమానములకు గాలిలో ఇంజను ఆగిపోవు దోషము అంతకుముందే పలుమారు కనబడెను. మొత్తము 17 ప్రమాదములలో 19 మంది చనిపోయిన పిదప వానిని పూర్తిగ నిలిపివేసిరి. 2013 నుండి వాని స్థానమున స్విట్జర్లాండు దేశపు పిలాటస్ విమానములు వచ్చినవి. అవి మేలైనవే, అయినను 2023 డిసెంబరు 4వ తేదీ ఉదయమున వానిలో నొకటి తూప్రాను దగ్గఱ కూలి, శిక్షకుడును శిక్షణార్థియు మృతినొందిరి.

పౌరశిక్షణయందును ఇట్టివి జరిగినవి. 2019 అక్టోబరు 6న వికారాబాదు జిల్లాలో సెస్నా-172 విమానము కూలి యిద్దఱు శిక్షణార్థులు మరణించిరి. 2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలమున సెస్నా-152 విమానము నేలగూలగా, దానిని ఒంటరిగ నడుపుచున్న శిక్షణార్థిని చనిపోయెను. వీనిలో దేనిని గూర్చియు తీర్పు చెప్పుట మా పని కాదు. లోకమంతట చిన్న విమానములకు తఱచుగ కలుగు అపాయముల స్వరూపమును మాత్రము వివరింతుము.

మొదటిది, వేగము తగ్గుట. గాలిపటము గాలికి వాలుగ నిలిచినందుననే పైకి లేచును గదా. విమానపు రెక్కయు అట్లే. వాలు పెరిగినకొలది అది మోయు శక్తి పెరుగును. గాని ఆ వాలు సుమారు 15 డిగ్రీలు మించినచో గాలి రెక్క నంటి పాఱక విడిపోవును. రెక్క మోయజాలక విమానము క్రిందికి పడును. దీనిని స్టాల్ అందురు. ఇంజను చక్కగ పనిచేయుచుండగనే ఇది సంభవింపవచ్చును. జర్మనీ దేశస్థుడైన ఓటో లిలియెంథాల్ ఇంజను లేని రెక్కలతో ఎగురుచు, 1896 ఆగస్టున ఈ కారణముచేతనే పడి మరుదినమున మరణించెను.

మలుపులలో ఈ యపాయము హెచ్చు. ఒక విమానము తిన్నగ పోవునపుడు గాలిలో నిలుచుటకు గంటకు 90 కిలోమీటర్ల వేగము చాలు ననుకొందము. అదియే రెక్కలను 60 డిగ్రీలు వాల్చి, ఎత్తు తగ్గకుండ తిరుగునపుడు, బరువు రెండింతలైనట్లగును. అప్పుడు సుమారు 127 కిలోమీటర్ల వేగము కావలెను. దిగుటకై రన్వేవైపు తిరుగుచు, మలుపు తప్పిపోవునను తొందరలో విమానమును మఱింత వాల్చి ముక్కు నెత్తిన శిక్షణార్థి ఈ లెక్కను మఱచుచున్నాడు. ఒక రెక్క ముందుగ పట్టు తప్పినచో విమానము బొంగరమువలె తిరుగుచు పడును. ఎత్తున నున్నచో సరిదిద్దుకొనవచ్చును. నేలకు దగ్గఱగ నున్నచో వ్యవధి యుండదు. మొదటి మహాయుద్ధకాలమున, 1917లో, ఇంగ్లండునందలి గాస్పోర్టులో రాబర్టు స్మిత్-బారీ అను శిక్షకుడు ఇట్టి స్థితులను దాచిపెట్టక, తగిన ఎత్తున వానిని కావలెనని కల్పించి, బయటపడు మార్గమును నేర్పెను. నేటి శిక్షణకు అదియే పునాది.

రెండవది, ఇంజను ఆగుట. పెట్రోలు చాలకుండుట, దానిలో నీరు కలియుట సామాన్య కారణములు. వింతయైన కారణ మింకొకటి కలదు. వేసవిలో మట్టికూజా నుండి నీరు ఊరి ఆవిరియగుచు లోని నీటిని చల్లబఱచును గదా. అట్లే కార్బురేటరులో పెట్రోలు ఆవిరియగుచు చుట్టు నున్న వేడిమిని పీల్చును. గాలిలో తేమ యుండినచో 20, 25 డిగ్రీల దినమున కూడ అందు మంచు గట్టి ఇంజనుకు ఊపిరి ఆడనీయదు. వేడిగాలిని లోనికి పంపు మీట దీనికి విరుగుడు. దానిని వేళకు లాగుట చోదకుని పని.

ఇంజను ఆగినంతమాత్రాన విమానము రాయివలె పడదు. సెస్నా-172 వంటిది ఒక కిలోమీటరు ఎత్తునుండి, గాలి లేనప్పుడు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు జాఱుచు పోగలదు. అంతలో సమతలమైన చోటు వెదకుకొనవలెను. పైకి లేచిన వెంటనే, కొద్ది ఎత్తుననే ఇంజను ఆగినప్పుడు మాత్రము, వెనుదిరిగి బయలుదేఱిన చోటికే చేరుకొందమను ఆశ పుట్టును. ఆ మలుపులో వేగము పోయి పలువురు నశించిరి. కావుననే ఎదుట నున్న పొలముననే దిగుమని బోధింతురు. కిన్నెరసాని యడవులపై ఎగురువానికి అట్టి పొలమును ముందుగనే చూచి యుంచుకొనుట ఎంత యవసరమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మూడవది, వాతావరణము. మేఘములో ప్రవేశించినవానికి నింగియు నేలయు కానరావు. అప్పుడు మన చెవులలోని సమతూక జ్ఞానము మోసగించును. విమానము ఒఱిగి తిరుగుచున్నను తిన్నగ పోవుచున్నట్లే తోచును. 1954లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు, పరికరములను చూచి నడుపు శిక్షణ లేని యిరువదిమందిని బయటి చూపు లేకుండ విమానమును నడిపించి పరీక్షించిరి. ఇరువదిమందియు అదుపు తప్పిరి. అందులకు సగటున పట్టిన కాలము 178 సెకండులు. అనగా మూడు నిమిషములైన నిండలేదు. మార్గశిరమున గోదావరిపై క్రమ్ము పొగమంచును, శ్రావణమున పాపికొండలపై దిగు మబ్బును ఎఱిగిన మనకు ఇది సులభముగ బోధపడును.

నాలుగవది, ఎండ. వేడిగాలి పలుచనగును, పలుచని గాలిలో రెక్కకును ఇంజనుకును బలము తగ్గును. మే నెలలో ఖమ్మమున ఎండ 45 డిగ్రీలుండినచో, అచ్చటి గాలి విమానమునకు సుమారు నాలుగువేల అడుగుల ఎత్తున నున్న గాలివలె తోచును. జనవరి ఉదయమున సులభముగ లేచిన విమానము అదే బరువుతో మే మధ్యాహ్నమున చాలదూరము పరుగెత్తవలసియుండును. పైకి ప్రాకుటయు మందగించును.

ఇక, విమానము దిగునపుడు జరుగు పొరపాటులు సంఖ్యలో ఎక్కువ. చక్రములు నేలను గట్టిగ తాకి విమానము ఎగిరిపడును. శిక్షణార్థి కంగారుపడి ముక్కును క్రిందికి నొక్కును. ముందుచక్రమో పంకాయో విఱుగును. వీనిలో ప్రాణనష్టము అరుదు. ఇంజనుకు పూర్తి బలమిచ్చి మరల పైకి లేచి, ఇంకొకమారు దిగ యత్నించుటయే దీనికి మందు.

పై కారణములలో ఒక్కటియే ప్రమాదమునకు చాలుట తక్కువ. రాత్రి నిద్ర చాలదు, బయలుదేఱుట ఆలస్యమగును, పరీక్ష దగ్గఱపడినదని పెట్రోలును కొలువకయే పోవుదురు, మబ్బు కనబడినను "ఇంకొంచెము చూతము" అందురు. గొలుసులో ఒక్క కొక్కెమును తెంపినను ప్రమాదము తప్పును. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగు వారి క్రొత్త పెద్ద విమానము, తోక మీటల బిగింపును విప్పుట మఱచినందున, లేచిన వెంటనే కూలెను. నడిపినవారు ఆరితేఱినవారే. ఆనాటినుండి చేయవలసిన పనులను పట్టికగ వ్రాసి, ఒక్కొక్కటి చదివి సరిచూచు పద్ధతి వ్యాపించినది.

2019 సెప్టెంబరు 15న పాపికొండల చెంత కచ్చులూరు కడ పడవ మునిగిన సంగతి మన ప్రాంతమువారు మఱువలేదు. వరదగోదావరిపై యాత్రకు బయలుదేఱిన పడవ అది. నీటిమీదనైనను గాలిలోనైనను, బయలుదేఱకుండుటయు, వెనుకకు వచ్చుటయు ప్రయాణవిద్యలోని భాగములే.

కావున ఆ తండ్రికి మా సమాధాన మిది. పంపవచ్చును. అయితే పంపుటకు ముందు ఆ శిక్షణాలయమునకు స్వయముగ పోయి మూడు ప్రశ్న లడుగుడు. విమానముల మరమ్మతు పుస్తకమును చూపుదురా? వాతావరణము బాగుగ లేదని ఎగురుట మానిన విద్యార్థిని మెచ్చుకొందురా, ఎగతాళి చేయుదురా? తన తప్పును తానే చెప్పిన విద్యార్థిని శిక్షింతురా, దానిని అందఱకు పాఠముగ చేయుదురా? పిదప మీ వానిని నాలుగవ ప్రశ్న యడుగుడు: "స్నేహితు లందఱు చూచుచుండగ, ఈ దినము నేను ఎగురనని నీవు చెప్పగలవా?" చెప్పగలనని వాడు ఆలోచించి పలికినచో, నిశ్చింతగ ఆశీర్వదించి పంపుడు.