టెన్బీ తీరమున సెలవు దినములు

వేల్స్ దేశపు నైఋతి తీరమున ప్రాచీన ప్రాకారము గల చిన్న రేవుపట్టణము టెన్బీ. 1863లో రైలుమార్గము వచ్చిన పిదప వేసవి విడిదిగా అది మరింత పేరుగాంచినది. పిల్లలతోను, వృద్ధులతోను అచటికి వెళ్ళదలచినవారు మొదట చూచుకొనవలసినది బస కాదు, ఆటుపోట్ల పట్టిక అని మా అభిప్రాయము.

ఆటు వేళ సముద్రము చాల దూరము వెనుకకు తగ్గును. అపుడు ఇసుకపై నడచి సెయింట్ కాథరిన్ ద్వీపమును చేరవచ్చును. పోటు వచ్చినచో ఆ దారియే ఉండదు. ఇసుకగూళ్ళు కట్టుకొను పిల్లలకేమి తెలియును? పెద్దలే కనిపెట్టి యుండవలెను. పోటు దినమునకు సుమారు 50 నిమిషములు ఆలస్యమగుచుండును గనుక సోమవారపు లెక్క గురువారమునకు పనికిరాదు. అమావాస్యా పూర్ణిమలకు ఉద్ధృతి హెచ్చు. చంద్రుని చూచి మాసములెంచు మనకిది క్రొత్త సంగతి కాదు.

కొండ అంచున బస చేసినచో సముద్రము కన్నులపండువుగా కనిపించును గాని, తీరమునకు దిగు మెట్లు వృద్ధుల మోకాళ్ళకు పరీక్షయే. వేసవియైనను వానకోటు తప్పదు.

క్రైస్తవ సన్యాసుల మఠమున్న కాల్డీ ద్వీపమునకు ఆదివారము పడవలుండవు. తక్కిన దినములలోను పోటు వేళ రేవు నుండి, ఆటు వేళ కాసిల్ బీచి నుండి అవి బయలుదేరును.