నిండిన కంప్యూటర్, క్లౌడ్‌లో జాగా: మన కాగితాల అమానత్



మీరిచ్చిన జకాత్, సదఖా ఏ ఇంటికి చేరిందో, ఏ విద్యార్థి ఫీజుకు పోయిందో చెప్పే కాగితాలన్నీ మన సొసైటీ ఆఫీసులోని ఒకే ఒక్క కంప్యూటర్‌లో ఉండేవి. పోయిన ఏడాది జూన్‌లో, అడ్మిషన్ల రద్దీ మధ్యన, డిస్క్ నిండిపోయిందని ఆ కంప్యూటర్ మొరాయించింది. స్కాన్ చేసిన కాగితం సేవ్ కావడం లేదు. బయట వరండాలో సర్టిఫికెట్ల సంచులు ఒళ్లో పెట్టుకుని తల్లులు కూర్చున్నారు. మాలో ఒకరు తొందరపడి, ‘ఇవన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి కదా’ అనుకుని పాత ఫోల్డర్ ఒకటి డిలీట్ చేశారు. సాయంత్రం చూస్తే క్లౌడ్‌లోనూ అది మాయమైంది. ముందటేడు స్కాలర్‌షిప్ తీసుకున్న పిల్లల మెమోలు, ఫీజు రసీదులు అందులోనే ఉన్నాయి. అల్హమ్దులిల్లాహ్, క్లౌడ్‌లోని ట్రాష్‌లో దొరికాయి. ఇంకో నెల గడిచి ఉంటే అవీ ఉండేవి కావు. ఆ రోజు మేం నేర్చుకున్నది మీ ఇంట్లో, మీ దుకాణంలో కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

క్లౌడ్ అంటే ఏమిటి?

పాలమూరు రైతుకు మబ్బు అంటే వాన మీద ఆశ. ఈ మబ్బు మాత్రం ఆకాశంలో లేదు, నేల మీదే ఉంది. వేలాది కంప్యూటర్లను ఒకచోట పెట్టి, రాత్రింబవళ్లు కరెంటు, చల్లదనం అందించే పెద్ద భవనాన్ని డేటా సెంటర్ అంటారు. హైదరాబాద్ ప్రాంతంలో డేటా సెంటర్లు నెలకొల్పుతామని మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో ప్రకటించింది. అందుకు ఎంచుకున్న చోట్లలో షాద్‌నగర్ దగ్గరి మేకగూడ ఒకటి. 2016లో జిల్లాలు విడిపోకముందు అది మన మహబూబ్‌నగర్ జిల్లాలోదే. అమెజాన్ సంస్థ కూడా 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాలను ప్రారంభించింది. మనం దాచే ఫైలు ఈ భవనాల్లోనే ఉంటుందని కాదు, వేరే దేశంలోనైనా ఉండొచ్చు. సంగతి మాత్రం ఒకటే. మన బీరువా నిండితే పెద్ద గోదాములో ఒక అర తీసుకున్నట్టు.

ఎంత జాగా దొరుకుతుంది?

గూగుల్ ఖాతా ఉన్న ప్రతి ఒక్కరికీ 15 జీబీ ఉచితం. అయితే జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ ఆ 15లోనే సర్దుకోవాలి. మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ 5 జీబీ ఇస్తుంది. స్కాన్ చేసిన కాగితం ఒక్కోటి ఒక ఎంబీ అనుకుంటే, 15 జీబీలో దాదాపు 15 వేల కాగితాలు పడతాయి. మనలాంటి సొసైటీకి అది తక్కువేం కాదు. జాగా మింగేవి కాగితాలు కావు, వీడియోలు. మా కంప్యూటర్‌లోనూ అదే తేలింది. రంజాన్ రేషన్ పంపిణీ వీడియో ఒకటే నాలుగుచోట్ల ఉంది, వాట్సాప్‌లో వచ్చిన శుభాకాంక్షలు వందల కొద్దీ ఉన్నాయి. అందుకే క్లౌడ్‌కు పోయేముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్, రీసైకిల్ బిన్ ఊడ్చాలి. ఇల్లు మారేముందు చెత్త పారేస్తాం గానీ లారీకెక్కించం కదా.

డిలీట్ వేరు, ఖాళీ చేయడం వేరు

మేం పొరబడింది ఇక్కడే. క్లౌడ్‌తో ముడిపడిన ఫోల్డర్ అద్దం లాంటిది. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. వన్‌డ్రైవ్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ‘ఫ్రీ అప్ స్పేస్’ అనేది ఎంచుకోవాలి. అప్పుడు ఫైలు క్లౌడ్‌లోనే ఉండి, కంప్యూటర్‌లో పేరు మాత్రం మిగులుతుంది. పక్కన మబ్బు గుర్తు కనిపిస్తుంది. ఇంటర్నెట్ ఉన్నప్పుడు దాన్ని తెరిస్తే మళ్లీ దిగుతుంది. గూగుల్ డ్రైవ్‌ను కంప్యూటర్‌లో పెట్టుకునేటప్పుడు ‘స్ట్రీమ్’, ‘మిర్రర్’ అని రెండు పద్ధతులు అడుగుతుంది. జాగా మిగలాలంటే స్ట్రీమ్ ఎంచుకోవాలి. మిర్రర్‌లో ప్రతి ఫైలూ రెండుచోట్లా ఉంటుంది కాబట్టి డిస్క్ ఖాళీ కాదు.

పెద్ద ఫోల్డర్లు ఎక్కించడానికి ఓపిక కావాలి. సెకనుకు 10 మెగాబిట్ల వేగం ఉన్నా ఒక జీబీ ఎక్కడానికి సుమారు పావుగంట పడుతుంది. ఎక్కడం పూర్తయిందని, ఒకటి రెండు ఫైళ్లు వేరే ఫోన్‌లో తెరుచుకుంటున్నాయని చూశాకే ఇక్కడ ఖాళీ చేయాలి.

ఒక్కచోట ఉన్నది ఉన్నట్టు కాదు

మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, అందులో ఒకటి వేరే చోట ఉండాలి. కంప్యూటర్ నిపుణులు చెప్పే పాత సూత్రమిది. ఇప్పుడు మన సొసైటీలో ముఖ్యమైన కాగితాలు కంప్యూటర్‌లోనూ క్లౌడ్‌లోనూ ఉన్నాయి. నెలకోసారి వాటిని ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, కమిటీ సభ్యుల్లో ఒకరి ఇంట్లో భద్రపరుస్తున్నాం. ధార్మిక సంస్థలు లెక్కల పుస్తకాలను పదేళ్లు ఉంచాలని ఆదాయపు పన్ను నిబంధనలు చెబుతున్నాయి. మీ విరాళాల వివరాలతో ఏటా మే 31లోగా నిర్ణీత ఫారం దాఖలు చేయాలి. అప్పుడే మీ చేతికి విరాళం సర్టిఫికెట్ వస్తుంది. ఫైలు పోతే ఆ నష్టం మీదాకా వస్తుంది.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఇంతకుముందు క్లౌడ్ ఖాతా ఒక వాలంటీర్ సొంత పేరుతో ఉండేది. ఆయన ఉద్యోగానికి జెడ్డా వెళ్లాక ఓటీపీ పాత నంబర్‌కే పోయేది. ఇప్పుడు ఖాతా సొసైటీ పేరుతో ఉంది. రెండంచెల తనిఖీ పెట్టాం, పాస్‌వర్డ్ అధ్యక్ష, కార్యదర్శులిద్దరికే తెలుసు. గూగుల్ ఖాతాను రెండేళ్లు తెరవకపోతే సంస్థ దాన్ని తొలగించవచ్చు. కాబట్టి అప్పుడప్పుడూ తెరుస్తూ ఉండాలి.

సాయం కోరి వచ్చినవారి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, మీ పాన్ నంబర్లు అందరికీ కనిపించకూడదు. ఫైలు పంచేటప్పుడు ‘లింక్ ఉన్నవారెవరైనా’ అన్న మాటను మేమిక ఎంచుకోం. మనిషి పేరు చూసి మాత్రమే ఇస్తాం. వ్యక్తిగత సమాచారం కాపాడాలని 2023లో చట్టమే వచ్చింది. చట్టం రాకముందు నుంచీ ఇది మనకు అమానత్. షాదీ ముబారక్ దరఖాస్తు కోసం ఒక తల్లి మా చేతిలో పెట్టిన కాగితం ఆ కుటుంబం గుట్టు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసిపెట్టుకోవాలని సూరా బఖరా 282వ ఆయత్ బోధిస్తోంది. రాసింది దాచడం కూడా ఆ బాధ్యతలో భాగమేనని మా నమ్మకం.

పనికోసం బొంబాయి, పుణె పోయే పాలమూరు కుటుంబాలకు మేం డిజిలాకర్ తెరిచి ఇస్తున్నాం. 2015లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఈ ఉచిత సౌకర్యంలో శాఖలు నేరుగా జారీ చేసిన పత్రాలు అసలు పత్రాలతో సమానం. సంచి రైల్లో పోయినా పిల్లవాడి చదువు ఆగదు.

దాతలకు ఒక మనవి. ఈ పనికి పెద్ద డబ్బు అక్కర్లేదు. మీ ఇంట్లో వాడకుండా ఉన్న మంచి హార్డ్ డిస్క్, కంప్యూటర్ తెలిసిన మీ అబ్బాయిదో అమ్మాయిదో నెలకు ఒక ఆదివారం ఇస్తే చాలు. వచ్చే జూన్‌లో వరండాలో కూర్చునే తల్లికి ‘రేపు రామ్మా’ అని చెప్పే అవసరం రాదు, ఇన్షా అల్లాహ్.