గ్రీన్ టిక్ పడినా తప్పు దాటిపోయింది: పైప్‌లైన్ లింటర్‌ని ఎలా బాగుచేశాం

ఈ రోజు ఎపిసోడ్‌లో లింటర్ గురించి మాట్లాడుకుందాం. మామూలు కోడ్ లింటర్ కాదు, పైప్‌లైన్ ఫైళ్ల లింటర్. కోడ్ పుష్ చేయగానే బిల్డ్ ఎలా జరగాలి, టెస్టులు ఎప్పుడు నడవాలి, ఎక్కడికి డిప్లాయ్ అవ్వాలి అని రాసిపెట్టుకునే యామల్ ఫైలు ఉంటుంది కదా, దాంట్లో తప్పులు పట్టే టూల్ అన్నమాట. ఉద్యోగంలో ఉన్నప్పుడు అలాంటిది ఒకటి రాశాను. మొదటి వెర్షన్ ఎవరికీ పనికిరాలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక తప్పు గురించి చెప్పాలి. ఆ తప్పు నాదే.

మా టీమ్ గిట్‌హబ్ యాక్షన్స్ వాడేది. ఒక వర్క్‌ఫ్లో ఫైల్లో డిప్లాయ్ స్టెప్ ముందు నేను ఒక ఇఫ్ కండిషన్ పెట్టాను: బ్రాంచ్ మెయిన్ అయి ఉండాలి, ఈవెంట్ పుష్ అయి ఉండాలి, అప్పుడే డిప్లాయ్. అప్పట్లో ఆ వర్క్‌ఫ్లో మెయిన్ మీద పుష్ చేస్తేనే నడిచేది, కాబట్టి నా కండిషన్ పనిచేస్తోందా లేదా అని తెలిసే అవకాశమే లేదు. కొన్ని నెలల తర్వాత టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు, పుల్ రిక్వెస్టుల మీద కూడా టెస్టులు నడవాలని ట్రిగ్గర్ దగ్గర ఒక లైన్ కలిపాడు. మంచి మార్పే. యామల్ లింట్ పాసైంది, గ్రీన్ టిక్ పడింది. అతను పుల్ రిక్వెస్ట్ ఓపెన్ చేశాడు. సగం రాసిన కోడ్ నేరుగా కస్టమర్లు వాడే సర్వర్ మీదకి వెళ్లిపోయింది.

మీటింగ్‌లో అందరూ అతన్నే అడిగారు, చివరి మార్పు అతనిది కాబట్టి. బయటికి వచ్చాక నాతో ఒక్క మాట అన్నాడు: "అన్నా, డిప్లాయ్‌కి కండిషన్ ఉంది కదా అని చూసుకునే పెట్టాను." ఆ కండిషన్ రాసింది నేనని అతనికి తెలియదు.

ఆ రాత్రి డీబగ్ లాగ్ ఆన్ చేసి చూశాను. విషయం ఏంటంటే, గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఎక్స్‌ప్రెషన్ రాయాలంటే డాలర్ గుర్తు పెట్టి రెండేసి ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య రాస్తాం. నేను బ్రాంచ్ చెక్‌ని ఒక జత బ్రాకెట్లలో, ఈవెంట్ చెక్‌ని ఇంకో జత బ్రాకెట్లలో పెట్టి, మధ్యలో && రాశాను. చూడ్డానికి ఏ తప్పూ కనిపించదు. కానీ && బ్రాకెట్ల బయట ఉంది కాబట్టి అది ఆపరేటర్ కాదు, వట్టి అక్షరాలు. రెండు బ్రాకెట్ల విలువలనీ వాటి మధ్య అతికించి ఒక స్ట్రింగ్ తయారు చేస్తుంది. పుల్ రిక్వెస్ట్ అప్పుడు రెండు చెక్‌లూ ఫాల్స్. అంటే తయారైన స్ట్రింగ్ "ఫాల్స్ && ఫాల్స్". ఖాళీగా లేని స్ట్రింగ్ ఏదైనా ట్రూ కిందే లెక్క. కాబట్టి డిప్లాయ్ చెయ్ అంది! మొత్తాన్నీ ఒకే జత బ్రాకెట్లలో పెడితే సరిపోయేది, లేదా ఇఫ్ దగ్గర బ్రాకెట్లు అసలు రాయకపోయినా సరిపోయేది. మర్నాడు పొద్దున మీటింగ్‌లో ఆ లైన్ నాదని చెప్పాను. అతని మార్పు సరైనదేనని కూడా చెప్పాను.

మరి యామల్ లింట్ ఎందుకు పట్టుకోలేదు? దాని లెక్కలో అది సక్రమమైన యామలే. ఇండెంట్, కోలన్, కొటేషన్లు అన్నీ సరిగ్గా ఉన్నాయి. పైప్‌లైన్ అంటే ఏంటో దానికి తెలియదు. అందుకే మన టూల్ మనమే రాసుకుందాం అని కూర్చున్నాను.

పైథాన్‌లో పైయామల్ లైబ్రరీతో ఫైల్ లోడ్ చేసి, కీలు చెక్ చేయడం మొదలుపెట్టాను. మొదటి రన్‌లోనే ప్రతి ఫైల్లోనూ "ఆన్ అనే కీ లేదు" అని ఎర్రర్. కళ్లముందు కనిపిస్తోంది కదా! సంగతేంటంటే పైయామల్ నడిచేది యామల్ 1.1 నియమాల ప్రకారం. అందులో ఆన్, ఆఫ్, యెస్, నో అని కొటేషన్ లేకుండా రాస్తే అవి ట్రూ, ఫాల్స్ అయిపోతాయి. నార్వే దేశం కోడ్ ఎన్, ఓ అని రాస్తే ఫాల్స్ అయిపోవడం కూడా ఈ బాపతే. 2009లో వచ్చిన యామల్ 1.2 దీన్ని మార్చింది గానీ, లైబ్రరీలన్నీ దానికి మారలేదు. కాబట్టి లింటర్ రాసేవాళ్లకి మొదటి మాట: అసలు సిస్టమ్ ఫైల్‌ని ఎలా చదువుతుందో మీ టూల్ కూడా అలాగే చదవాలి.

అలాగని 1.2కి మారితే అన్నీ తీరిపోవు. పైథాన్ వెర్షన్ 3.10 అని కొటేషన్ లేకుండా రాశారనుకోండి, అది దశాంశ సంఖ్య కాబట్టి 3.1 అయిపోతుంది. లోడ్ అయ్యాక చూస్తే మనిషి 3.10 రాశాడో 3.1 రాశాడో తెలియదు. అందుకే విలువలుగా మార్చేయకముందే, నోడ్ల దశలోనే చెక్ చేయాలి. పైయామల్‌లో కంపోజ్ అనే ఫంక్షన్ ఆ నోడ్లని ఇస్తుంది, రాసింది రాసినట్టు ఉంటుంది, పైగా ఏ లైన్లో ఉందో కూడా చెబుతుంది. ఒక చిన్న చిక్కు: ఆ లైన్ నంబర్లు సున్నా నుంచి మొదలవుతాయి. మా టూల్ కొన్నాళ్లు తప్పుకి పైలైన్‌ని చూపించింది. జనం ఆ లైన్ చూసి, "దీంట్లో ఏముంది, టూలే తప్పు" అని వదిలేసేవాళ్లు. ఒకటి కలపడం మర్చిపోతే ఇంత నష్టం.

అసలు పెద్ద నష్టం మాత్రం వేరే. ఉత్సాహం కొద్దీ అన్ని రూల్సూ ఆన్ చేశాను, యామల్‌లింట్ కూడా కలిపేశాను. దాని డిఫాల్ట్ ప్రకారం లైన్ 80 అక్షరాలు దాటకూడదు. ఇంకా వింతేంటంటే, ప్రతి వర్క్‌ఫ్లోలో ఉండాల్సిన ఆ ఆన్ కీ మీద కూడా అది వార్నింగ్ ఇస్తుంది, సెట్టింగ్ మార్చేదాకా. ఎవరైనా ఒక లైన్ మారిస్తే వంద వార్నింగ్‌లు. రెండు వారాల తర్వాత రిపోలు తిరగేస్తే, సగానికి పైగా వాటిలో లింట్ స్టెప్ కింద "ఎర్రర్ వచ్చినా కొనసాగించు" అనే సెట్టింగ్ పెట్టేసుకున్నారు. అంటే టూల్ నడుస్తుంది, ఎవరూ చూడరు. అప్పుడు కోపం వచ్చింది గానీ, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

అందుకని బాగుచేయడం అంటే మొదట తీసేయడమే అయింది. అందం గురించిన రూల్స్ అన్నీ పోయాయి. బిల్డ్‌ని ఆపే రూల్స్ నాలుగే మిగిలాయి, అవి కూడా తప్పు అని కచ్చితంగా చెప్పగలిగినవే. పాత ఫైళ్లలో ఉన్న తప్పుల జాబితా పక్కన పెట్టుకుని, కొత్తగా వచ్చిన వాటి మీదే ఆపేవాళ్లం. మెసేజ్‌లు తిరగరాశాం. ముందు "ఇఫ్ ఎక్స్‌ప్రెషన్ చెల్లదు" అని వచ్చేది. దాన్ని "ఈ కండిషన్ ఎప్పుడూ ట్రూనే అవుతుంది, ఎందుకంటే && బ్రాకెట్ల బయట ఉంది; మొత్తాన్నీ ఒకే జతలో పెట్టండి" అని మార్చాం. ఆ మెసేజ్ రాసింది మీటింగ్‌లో మాట పడ్డ కుర్రాడే. నాకన్నా బాగా రాశాడు.

ఇదంతా చేశాక తెలిసింది, యాక్షన్‌లింట్ అని ఒక ఓపెన్ సోర్స్ టూల్ ఉందని! గో భాషలో రాశారు. నేను పడ్డ ఆ && తప్పుని అది పట్టుకుంటుంది, ఎక్స్‌ప్రెషన్లలో టైపులు చెక్ చేస్తుంది, రన్ కింద రాసిన షెల్ స్క్రిప్ట్‌ని షెల్‌చెక్‌కి ఇచ్చి చూపిస్తుంది. పుల్ రిక్వెస్ట్ టైటిల్ లాంటివి బయటివాళ్లు ఏమైనా రాయొచ్చు కదా, వాటిని తిన్నగా స్క్రిప్ట్‌లో పెడితే వాళ్ల కమాండ్ మన మెషీన్ మీద నడుస్తుంది. దాని మీదా హెచ్చరిస్తుంది. ముందే వెతకాల్సింది. నా కోడ్‌లో చాలా భాగం తీసేసి దాన్ని పెట్టాం.

మా సొంతంగా ఉంచుకున్న రూల్స్‌లో ఒకటి చెబుతాను. 2025 మార్చిలో టీజే యాక్షన్స్ వాళ్ల చేంజ్డ్ ఫైల్స్ అనే యాక్షన్‌ని ఎవరో చేజిక్కించుకుని, పాత వెర్షన్ ట్యాగులన్నిటినీ ఒక చెడ్డ కమిట్ వైపు తిప్పేశారు. అది రన్నర్ మెమరీలో ఉన్న సీక్రెట్లని లాగ్‌లో రాసేసింది. దాన్ని వాడే రిపోలు 23,000కి పైనే. ట్యాగ్ పేరుతో వాడినవాళ్లకి ఆ పూట అదే నడిచింది. పూర్తి కమిట్ హ్యాష్‌తో, అంటే ఆ 40 అక్షరాలతో కట్టేసుకున్న పాతవాళ్లకి ఏమీ మారలేదు. అందుకే బయటివాళ్ల యాక్షన్ ఏదైనా 40 అక్షరాలు లేకపోతే మా లింటర్ ఆపేస్తుంది. దీని మీద ఇప్పటికీ సణిగేవాళ్లు ఉన్నారట.

టెస్టుల ఫోల్డర్‌లో నేను రాసిన ఆ తప్పు ఫైల్‌ని అలాగే ఉంచాం, ఒక్క అక్షరం మార్చకుండా. లింటర్‌లో ఎవరేం మార్చినా ఆ ఫైల్ ఫెయిల్ అవ్వాలి. పాస్ అయిందంటే ఆ మార్పు మెర్జ్ కాదు. నేను ఉద్యోగం మానేసిన రోజున ఆ కుర్రాడు అడిగాడు, "అన్నా, ఆ ఫైల్ పైన నీ పేరు ఉంది, తీసేయనా?" అని. ఉండనీ అన్నాను.

సరే, వచ్చే ఎపిసోడ్‌లో షెల్‌చెక్ సంగతి చూద్దాం. ఉంటాను మరి.