కనుబొమ లేస్తే లెక్క మారుతుంది

"నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం తిన్నారో వరసగా చెప్పండమ్మా." డైటీషియన్ గదిలో సంభాషణ చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. షుగరున్న ఒక పెద్దావిడను ఊహించుకోండి. "రాత్రి అన్నంలోకి ఆవకాయ, కాస్త నెయ్యి..." అంటుంది. రాసుకుంటున్న డైటీషియన్ కనుబొమలు అరక్షణం పైకి లేస్తాయి. అంతే, పడుకోబోయే ముందు తిన్న రెండు సున్నుండల మాట ఇక బయటికి రాదు. ఇంకేమైనా తిన్నారా అని అడిగితే "అంతేనమ్మా" అనేస్తుంది.

ఆ జాబితా తప్పితే దానిమీద నిలబడ్డ సలహా అంతా తప్పుతుంది. తిన్నదాన్ని మనుషులు ఎంత తగ్గించి చెబుతారో 1992లో న్యూయార్క్ పరిశోధకులు కొలిచారు. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పుకొన్న 10 మందికి, బరువైన హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులున్న నీళ్లు తాగించారు. అవి ఒంట్లోంచి బయటికి పోయే వేగాన్ని బట్టి శరీరం ఖర్చుచేసిన శక్తి తెలుస్తుంది. వాళ్లు రాసిచ్చిన తిండి, నిజంగా తిన్నదానికంటే సగటున 47 శాతం తక్కువని తేలింది! ఇలాంటి తేడాల్లో మరపు ఉంటుంది, కొలత తెలియకపోవడం ఉంటుంది, ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనన్న బెరుకు కూడా ఉంటుంది. కొలత కోసం హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తన సర్వేల్లో ప్రామాణిక గిన్నెలు వాడుతుంది. బెరుకు పోగొట్టే పని మాత్రం డైటీషియన్ ముఖానిదే.

సంభాషణలో 93 శాతం మాటల్లేకుండానే జరుగుతుందని శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. దాన్ని నమ్మకండి. ఆ అంకెకు మూలమైన, మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాలు విడి మాటల్లో ఇష్టం, అయిష్టం ఎలా తెలుస్తాయన్న దానికే పరిమితం. ఎన్ని గరిటెల నూనె వాడాలో కనుచూపుతో చెప్పలేం కదా!

నాకు నమ్మకంగా తోచే ఆధారం భారతదేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త నళిని అంబాడిది. ఆమె బృందం 2002లో వృద్ధులకు వ్యాయామ చికిత్స చేసే ఫిజియోథెరపిస్టుల తీరు గమనించింది. నవ్వకుండా, రోగివైపు చూడకుండా దూరంగా మసలిన చికిత్సకుల దగ్గర రోగుల శారీరక, మానసిక సామర్థ్యం ఎక్కువగా తగ్గడం కనిపించింది. ఒకదానికి మరొకటే కారణమని ఈ అధ్యయనం రుజువు చేయలేదు. అయినా ఆహార సలహా ఇచ్చేవాళ్లు పట్టించుకోవలసిన సంగతే ఇది, ఎందుకంటే వాళ్ల పనీ నెలల తరబడి సాగేదే.

కూర్చోవడం కూడా లెక్కలోకి వస్తుంది. కాన్సాస్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో డాక్టరు మంచం పక్కన కూర్చుని మాట్లాడినప్పుడు, నిలబడి మాట్లాడినప్పటికంటే ఎక్కువసేపు ఉన్నాడని రోగులు అనుకున్నారు. బరువు చూసే చోటూ అంతే. వరండాలో అందరి ఎదుటా బరువు చూసి అంకె పైకి చదివే అలవాటు మన దగ్గర చాలాచోట్ల ఉంది. అది వెంటనే మానాలి. లోపలికి వచ్చేసరికే మనిషి ముడుచుకుపోయి ఉంటారు.

అవతలివైపు సైగలను చదవడం ఇంకా కష్టం. మన పెద్దవాళ్లు తల ఊపితే ఒప్పుకున్నారని కాదు, వింటున్నారనో, మర్యాద చూపుతున్నారనో కావచ్చు. కొత్త కోడలు కళ్లు దించుకుంటే దాస్తోందనుకోకూడదు, పక్కన అత్తగారు ఉండి ఉండవచ్చు. అందుకే "అర్థమైందా?" అని అడిగి తల ఊపు చూసి పంపేయడం కంటే, ఒక గిన్నె చేతికిచ్చి "రేపు మధ్యాహ్నం అన్నం ఎంత పెట్టుకుంటారో చూపించండమ్మా" అనడం మేలు. గిన్నెలో ఎంతవరకు వేలు పెట్టి చూపిస్తారో దాన్నిబట్టి, చెప్పింది ఎంత చేరిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది.