టర్కీ తీరం: వెనక్కి తగ్గిన సముద్రం, మునిగిన ఊరు

టర్కీ తీర పర్యటన అనగానే సముద్రస్నానాలు, పడవ షికార్లు, చేపల భోజనం గుర్తుకు వస్తాయి. వాటికక్కడ కొదవ లేదు. అయితే పర్యాటక విద్యార్థి ముందుగా గమనించవలసినది తీరరేఖను.

ఏజియన్ తీరాన కుషాదసి రేవులో ఓడ దిగినవారిలో చాలామంది ఎఫెసస్ శిథిలాలకు వెళతారు. 2015లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. సుమారు 25,000 మంది పట్టే నాటకశాల మెట్లెక్కి ఎదురుగా చూడండి. పాలరాతి వీధి ఒకటి నేరుగా సాగి, రెల్లు పెరిగిన పల్లం దగ్గర ఆగిపోతుంది. ఒకప్పటి ఓడరేవు అదే! కుచుక్ మెండెరెస్ నది శతాబ్దాలుగా తెచ్చిన ఒండ్రు రేవును పూడ్చివేసింది. సముద్రం ఇప్పుడు కొన్ని కిలోమీటర్ల అవతల ఉంది. రేవుతో పాటు వర్తకం, క్రమంగా జనం తరలిపోయారు. సెల్సస్ గ్రంథాలయం ముందు ఫొటోల హడావుడిలో పడి ఈ వీధిని పట్టించుకునేవారు తక్కువ. నా మటుకు నాకు ఎఫెసస్ కథంతా ఇక్కడే ఉందనిపిస్తుంది.

దక్షిణాన మధ్యధరా తీరంలోని కెకోవాలో ఇందుకు భిన్నంగా జరిగింది. భూకంపాలకు నేల కుంగి, ఊరిలో కొంత భాగం నీట మునిగింది. కాష్ పట్టణం నుంచి పడవలో వెళితే, నీటిలోకి దిగిపోతున్న రాతిమెట్లు, గోడలు కనిపిస్తాయి. 1990 నుంచి ఇది రక్షిత ప్రాంతం. మునిగిన శిథిలాల వద్ద ఈత, డైవింగ్ నిషిద్ధం. ఈత కొట్టదలచినవారి కోసం పడవను వేరే చోట ఆపుతారు.