వంత పాడేవాళ్లను చూడండి

ఆట చూడబోయినప్పుడు ప్రధాన వేషగాడి మీది నుంచి చూపు కాసేపు తిప్పి, పక్కన నిలబడ్డ వంతగాడిని చూడండి. ఓరుగల్లు చుట్టుపక్కల ఏళ్ల తరబడి ఒగ్గుకథలు, చిందు ఆటలు, నాటకాలు చూసినవాడిగా నేను చెప్పగలిగింది ఇదే: ముందున్నవాడు ఎంత మొనగాడైనా, వంత కుదరకపోతే ఆట పండదు.

ఒగ్గుకథనే తీసుకోండి. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్తే ఒగ్గు పూజారులు రంగుల ముగ్గులతో పట్నాలు వేయడం, డోలు దరువు మీద కథ ఎత్తుకోవడం చూడొచ్చు. కథకుడు ఒక మాట అంటాడు, వంతగాడు ‘ఆఁ’ అంటాడు. ఆ ఒక్క అక్షరంలో ఎన్ని రకాలు! ఒకసారి ఆశ్చర్యం, ఒకసారి తర్వాతేమైందన్న ఆత్రం, ఒకసారి గొంతు పూడుకుపోయిన దుఃఖం. మనం లోపల అనుకున్నది ఆయన పైకి అంటాడు. అంతలోనే భుజం మీది తువ్వాల తల మీద కప్పుకొని, నడుము కొంచెం వంచి, తల్లి అయిపోతాడు. అదే తువ్వాల నడుముకు బిగిస్తే భటుడు. వేషం మార్చుకోవడానికి లోపలికి వెళ్లేదే లేదు, అయినా మనకు అనుమానమే రాదు.

జనగామ ప్రాంతంలోని మాణిక్యపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య ఈ కళకు పేరు తెచ్చి, 2014 సంగీత నాటక అకాడమీ పురస్కారం పొంది, 2017లో కన్నుమూశారు. ఆయనను తలచుకున్నప్పుడల్లా నాకు డోళ్ల మోత, వెనక నుంచి అందుకునే గొంతులు కూడా చెవిలో మోగుతాయి.

చిందు యక్షగానంలో వంత వెనక వరసలో ఉంటుంది. ముఖానికి అర్దళం పూసుకుని, చెక్క కిరీటం, భుజకీర్తులు కట్టుకున్న వేషగాడు ఆ బరువుతోనే పాడాలి, ఆడాలి, మాట చెప్పాలి. చరణం చివర అతనికి దమ్ము చాలని చోట వెనకవాళ్లు పాట అందుకుంటారు. ఆ సందులో ఊపిరి తీసుకుని గజ్జెలు ఘల్లుమనేలా చిందేస్తాడు. చూసేవాళ్లకు పాట ఎక్కడా తెగినట్టు తెలియదు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు నా సంతోషం ఇంతా అంతా కాదు. కుటుంబాలకు కుటుంబాలే బతుకంతా ఆడే ఆట ఇది. ఆ గౌరవం మేళం మొత్తానిదని నా నమ్మకం.

సురభి నాటకాల్లో వంత కంటికి కనిపించదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబాల నాటకాల్లో మాయలన్నీ తెర పక్కన తాళ్లు లాగేవాళ్ల చేతుల్లోనే ఉంటాయి. బాణం బాణాన్ని తాకిన క్షణానికే మెరుపు మెరవాలి. రెప్పపాటు ఆలస్యమైతే ‘మాయాబజార్‌’లో మాయే మిగలదు.

మరి మైకు ముందు ఒంటరిగా నిలబడి ఎందరెందరి గొంతులనో పలికించిన మన మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్‌కు (1932–2018) వంత ఎవరు? ఎదురుగా కూర్చున్న జనమే. ఆ గొంతు ఎవరిదో సభ గుర్తుపడితేనే అనుకరణ పండుతుంది. ఆ గుర్తుపట్టిన చప్పట్లే ఆయనకు తాళం. సినిమాకు మనం చప్పట్లు కొట్టినా కొట్టకపోయినా తెర మీద ఏమీ మారదు. రంగస్థలం మీద మారుతుంది. జనం లీనమైతే కథకుడు ఒక ఘట్టాన్ని పెంచుతాడు, జారిపోతున్నారనిపిస్తే వంతగాడు ఒక చమత్కారం విసిరి పట్టి నిలబెడతాడు.

2024 నవంబరులో హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం తెరుచుకుంది. వేదికకు ఇప్పుడు లోటు లేదు. నిర్వాహకులకు నాదొక్కటే విన్నపం. కరపత్రంలో ప్రధాన కళాకారుడి పేరు కింద ‘బృందం’ అని వదిలేయకండి. డోలు ఎవరిదో, మద్దెల ఎవరిదో, వంత ఎవరిదో పేరుపేరునా అచ్చు వేయండి. సన్మాన సభలో శాలువా వాళ్లకూ కప్పండి. ఇంటి పిల్లవాడు ఈ విద్య పట్టాలంటే, తండ్రి పేరు అచ్చులో ఒక్కసారైనా కనిపించాలి కదా!